20 అంకణాల కూరతోట

జూన్ 9, 2024, ఆదివారం

ఇల్లు కట్టి పదకొండేళ్ళయింది. పక్కనున్న ఖాళీ జాగాను ఇన్నేళ్ళూ పెరడు అనుకోలేదు. మిగిలిపోయిన ఇసుక, పగిలిన ఇటుకలు, తేమకు గట్టిపడిన సిమెంటు బస్తాలు, అన్నీ అక్కడే పడేశాం. వాటి మధ్య సర్కారు తుమ్మ మొలిచింది. మా కాలనీ పేరూరు దాటి చంద్రగిరి వైపు ఉంటుంది. మిద్దె ఎక్కితే శేషాచలం కొండ బారుగా కనిపిస్తుంది, తల దించితే ఈ దిబ్బ.

ఈ వారం టేపు పట్టుకుని కొలిచాను. తూర్పు పడమరలు 36 అడుగులు, ఉత్తర దక్షిణాలు 20 అడుగులు. మొత్తం 720 చదరపు అడుగులు. తిరుపతిలో అంకణమంటే 36 చదరపు అడుగులు కాబట్టి సరిగ్గా 20 అంకణాలు. మా ఆయన గడ్డి పరిపిద్దామన్నారు. ఎదురింటి అక్క క్రోటన్లు పెట్టమంది. నాకు కూరగాయలు కావాలి. మందు చుక్క పడకుండా పండాలి. గేటు తీసిన వాళ్ళు ఒక్క క్షణం ఆగి చూసేలా ఉండాలి. ఈ మూడూ ఒకే జాగాలో కుదుర్చుకోవాలని ఈ పుస్తకం మొదలుపెడుతున్నాను. స్కూల్లో లెక్కలు చెబుతాను కాబట్టి కొలతలు ఎక్కువే రాస్తానేమో.

మట్టి పరీక్ష కాగితం వచ్చింది. పీహెచ్ 8.2. సేంద్రియ కర్బనం 0.28 శాతం. 0.5 లోపు ఉంటే తక్కువ కిందే లెక్క. ఎర్ర గరప నేల, దాని మీద సున్నం, సిమెంటు పొడి. నీళ్ళు పోస్తే ఒక పక్క జారిపోతున్నాయి, ఇంకో పక్క నిలిచిపోతున్నాయి. ముందు చెత్త ఎత్తించాం. ట్రాక్టరుతో నాలుగు ట్రిప్పులు పట్టింది.

జూన్ 16

మృగశిర కార్తెలో రెండు జల్లులు పడ్డాయి. చెరువు మట్టి ఒక ట్రాక్టరు, మాగిన పశువుల ఎరువు ఒక ట్రాక్టరు తోలించి పైపైన తిరగేయించాం. వెంటనే కూరగాయలు పెట్టాలని చెయ్యి దురద పెట్టింది. మా అత్త ఒప్పుకోలేదు. ఆమెది పాకాల దగ్గర పల్లె, పెళ్ళికి ముందూ తర్వాతా సేద్యంలోనే బతికిన మనిషి.

"మే, ఆకలితో ఉండే నేల ఇది. ముందు దానికి పెట్టు, తర్వాత అది నీకు పెడతాది" అంది.

అందుకే మొదటి పైరు జనుము. ఎకరానికి 20 కిలోలకు పైగానే చల్లుతారు. మా జాగా ఎకరంలో అరవయ్యో వంతు. అర కిలో ఒత్తుగా చల్లాను.

జూలై 28

42 రోజులు. జనుము నా భుజం దాకా వచ్చింది, నాలుగు రోజులుగా పూస్తోంది. పసుపంటే అంత పసుపు. సాయంత్రం నడకకు వచ్చేవాళ్ళు గోడ దగ్గర ఆగి, ఇదేం పూలతోట అని అడుగుతున్నారు. ఈ జాగాను చూసి ఎవరైనా ఆగడం ఇదే మొదలు.

ఈరోజు కోసేశాను. మనసు ఒప్పక రెండు రోజులు వాయిదా వేశాను, నిజమే. కానీ పూత మొదలైనప్పుడే కొయ్యాలి. కాయ పట్టిందంటే కాడ నార కడుతుంది, నార తీసే పైరే కదా. అప్పుడు మట్టిలో కలిపితే కుళ్ళడానికి నెలలు పడుతుంది. కోసే ముందు ఒక మొక్కను వేళ్ళతో సహా పీకి చూశాను. వేళ్ళ వెంట మెంతి గింజంత బుడిపెలు. ఒకదాన్ని గోటితో చీలిస్తే లోపల లేత ఎరుపు. ఆ రంగు ఉందంటే అది గాలిలో నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తున్నట్టు. తెల్లగానో బూడిద రంగులోనో ఉంటే ఆ బుడిపె పని చేయనట్టు. పసుపు పూలకంటే ఆ ఎరుపు చూసినప్పుడే నాకు ఎక్కువ సంతోషమైంది.

కోసింది కోసినట్టు ముక్కలు చేసి మట్టిలో కలిపాం. పైన కానుగ ఆకు పరిచాం.

ఆగస్టు 11

నమూనా గీసుకోవడానికి రెండు వారాలు పట్టింది. మా ఊరు సుమారు 13.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు మధ్య దాకా మధ్యాహ్నం ఎండ మనకు కాస్త ఉత్తరం నుంచే పడుతుంది. ఆ తర్వాత ఏప్రిల్ దాకా దక్షిణం నుంచి. నా పంట కాలం సెప్టెంబరు నుంచి మార్చి కాబట్టి ఎత్తైన పందిరి ఉత్తరం పక్కన ఉంటే దాని నీడ మళ్ళ మీద పడదు. పడమటి ఎండ మాత్రం ఎప్పుడూ శత్రువే. ఆ పక్క నాలుగున్నర అడుగులు వదిలి కంది వరస వేశాను.

ఉత్తరాన 6 అడుగుల వెడల్పు పందిరి, దాని కిందే నడిచే దారి. దానికి దక్షిణంగా ఆరు మళ్ళు, ఒక్కోటి 4 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవు. నాలుగడుగులు ఎందుకంటే ఏ పక్క కూర్చున్నా చెయ్యి రెండడుగులు చాచితే నడిమికి అందుతుంది, మడిలో కాలు పెట్టే పని లేదు. తొక్కని మట్టి గుల్లగా ఉంటుంది. మళ్ళ మధ్య దారి అడుగున్నర. నేలకంటే మడి 8 అంగుళాల ఎత్తు.

పందిరికి సర్వి కొయ్యలు 14 తెచ్చాం. పాతే చివర మంటలో నల్లగా మాడేదాకా కాల్చమంది అత్త. ఎనిమిది కాల్చేసరికి చీకటి పడింది. మిగతా ఆరు అట్లాగే పాతేశాం.

అనపగింజలు మాత్రం పోయిన ఆదివారమే ప్రహరీ పక్కన పడ్డాయి. కోస్తా వాళ్ళకు అనపకాయ అంటే సొరకాయ, మాకు అనపకాయ అంటే పప్పుకాయ. చిక్కుడు జాతిది. జూన్‌లోనే నాటుదామని నేను తొందరపడితే అత్త ఆపింది. "ఆడికృత్తిక అయినాక నాటుకుందాం. ముందు పెట్టినా తీగె పారుతాదే గానీ పూత రాదు." ఆడికృత్తిక అంటే తమిళుల ఆడి నెలలో వచ్చే కృత్తిక పండగ. ఆమె చెప్పిందాంట్లో శాస్త్రం ఉంది. నాటు అనప పొద్దు చిన్నదైతేనే పూస్తుంది. ఎప్పుడు నాటినా అది చలికాలం కోసమే కాచుకుని ఉంటుంది.

ఆగస్టు 18

ఈ వారం విత్తనాలు. పందిరికి పొట్ల, బీర, కాకర. మళ్ళలో వంగ నారు, బెండ, మటిక్కాయలు (గోరుచిక్కుడు), ఎర్ర తోటకూర, సిర్రాకు అనే ఆకుకూర, ముల్లంగి. ఎర్ర తోటకూరకు అర్క అరుణిమ దొరికింది, బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ రకం, కోసే కొద్దీ చిగురిస్తుంది. ఎర్ర బెండ అని ఒక దుకాణంలో ఇచ్చిన పొట్లం మీద నాకు అనుమానంగానే ఉంది, చూడాలి.

జీవామృతం లెక్క రాసి పెట్టుకుంటున్నాను. ఎకరానికి చెప్పేది 200 లీటర్ల నీళ్ళకు 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల గోమూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుపిండి, గుప్పెడు గట్టు మట్టి. మా 20 అంకణాలకు వచ్చేది మూడు లీటర్ల చిల్లరే. అంత కొంచెం కలపడం కుదరదు. 20 లీటర్ల డబ్బాలో కిలో పేడ, లీటరు మూత్రం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల ఉలవపిండి, మందు తగలని మామిడితోట మట్టి గుప్పెడు. నీడలో పెట్టి, గోనెపట్ట కప్పి, పొద్దునా సాయంత్రం కట్టెతో తిప్పాలి. రెండో రోజుకు నురగ కట్టింది. వాసన పుల్లగా ఉండాలి గానీ కుళ్ళు కంపు రాకూడదు. వారం లోపలే వాడేయాలి. మేం వాడగా మిగిలింది పక్కవీధి వాళ్ళ మామిడి, జామ చెట్లకు పోసి వచ్చాం.

వంగ మడిలో నాలుగు మట్టికుండలు మెడదాకా పాతాను. కాల్చిన మట్టి నుంచి నీళ్ళు మెల్లగా ఊరుతాయి. మూడు రోజులకొకసారి నింపితే సరిపోతోంది.

సెప్టెంబరు 15

ఈ నెల రెండు తప్పులు బయటపడ్డాయి, రెండూ నావే.

మొదటిది తెల్ల రాళ్ళు. దారులు శుభ్రంగా, అందంగా ఉండాలని గుండ్రటి తెల్ల గులకరాళ్ళు కొని పోయించాను. ఫొటోలో ఎంత బాగున్నాయో! అత్త వచ్చి చూసి, "గుడి ముందర ముగ్గేసినట్టు ఉండాది. ఎండకు ఆకు మాడదా మే?" అంది. పది రోజుల్లో మాడింది. మడి అంచున ఉన్న తోటకూర, ముల్లంగి ఆకులు కాగితంలా తేలిపోయాయి. మధ్యాహ్నం రెండింటికి రాళ్ళ మీద చెయ్యి ఆనించలేకపోయాను. పైనున్న ఎండ చాలదన్నట్టు కింద నుంచి కూడా ఎండ కొట్టించాను మొక్కలకు.

రాళ్ళన్నీ ఏరి గోతాల్లోకి ఎత్తాం. వాటి చోట చెనక్కాయ పొట్టు మూడంగుళాల మందాన పోశాం. మా జిల్లాలో మిల్లుల దగ్గర దానికి కొదవ లేదు. నీళ్ళు పడ్డాక పొట్టు గోధుమ రంగుకు తిరిగి, పచ్చటి మళ్ళ మధ్య చక్కగా ఒదిగింది. కాలికి మెత్తగా, చల్లగా ఉంది. రాళ్ళకంటే ఇదే అందంగా ఉందని మా ఆయన కూడా ఒప్పుకున్నారు.

రెండోది చెదలు. పొట్టు ఎక్కడ వేస్తే అక్కడికి చెద రాకుండా ఉండదు, ఎర్రనేల కదా. పందిరి కొయ్యల మొదట్లో మట్టి గొట్టాలు కనిపించాయి. గోటితో గీరి చూస్తే, కాల్చకుండా పాతిన ఆరింటిలో నాలుగు తినేసింది. కాల్చిన ఎనిమిదింటినీ తాకనే లేదు. ఆరింటినీ పీకి, కాల్చి, గుంటల్లో వేపపిండి వేసి మళ్ళీ పాతాం. తీగలు అప్పటికే పైకెక్కుతున్నాయి. ఒక పొట్ల తీగ మొదట్లో విరిగింది. కొయ్యలకు ఒక అడుగు దూరం దాకా పొట్టు లేకుండా చేశాను.

అక్టోబరు 6

దసరా సెలవులు. కొండ మీద బ్రహ్మోత్సవాలు జరుగుతున్నాయి, ఊరంతా జనం. నేను సాయంత్రాలు పందిరి కిందే గడుపుతున్నాను.

పొట్ల పూత జోరుగా ఉంది. ఈ పువ్వు విచ్చుకోవడం చూడాలంటే పొద్దు వాలే వేళకు వెళ్ళాలి. నిన్న కుర్చీ వేసుకుని ఒక్క మొగ్గనే చూస్తూ కూర్చున్నాను. మొగ్గ చూపుడు వేలి కొన అంత ఉంటుంది, ఆకుపచ్చ తెలుపు. ముందు కొన దగ్గర ఐదు చీలికలు పడ్డాయి. రేకుల అంచుల్లో సన్నటి దారాలు, లోపలికి చుట్ట చుట్టుకుని ఉన్నాయి. రేకు వెనక్కి వంగే కొద్దీ ఆ దారాలు ఒక్కొక్కటే విడిపోయి బయటికి సాగాయి. చీకటి పడేసరికి లేసు అల్లిన చిన్న జేబురుమాలు ఆరేసినట్టు ఉంది. పొద్దున్నే వెళితే వాడి ముద్దయి ఉంటుంది. చిమ్మటల కోసం రాత్రి పూసే పువ్వు అది, పగలు తోట చూసి వెళ్ళేవాళ్ళకు దొరకదు.

బీర పువ్వు కూడా సాయంత్రం ఐదు దాటాకే విచ్చుకుంటుంది, నిమ్మపండు పసుపు. కాకర మాత్రం పొద్దున పూట. అందుకే పందిరి ఏ వేళ చూసినా ఏదో ఒక పూతతో ఉంటోంది. ఇది నేను అనుకుని చేసింది కాదు, కూరల కోసం పెడితే అట్లా కుదిరింది. మొదటి వారం పిందెలు పసుపుబారి రాలుతుంటే, మగపువ్వు తుంచి ఆడపువ్వులో తాకించడం మొదలుపెట్టాను. ఆడపువ్వును గుర్తుపట్టడం తేలిక, వెనక బుల్లి బీరకాయ గీతలతో సహా ఉంటుంది. ఇప్పుడు రాలడం తగ్గింది.

పొట్లకాయ జానెడు అయ్యేసరికి మెలి తిరగడం మొదలవుతుంది. అత్త గోతం విప్పి, ఆ తెల్ల రాళ్ళే ఏరింది. ఒక్కో కాయ కొనకు దారంతో ఒక్కో రాయి కట్టింది. బరువు ఎక్కువైతే కాయ తెగుతుంది, తక్కువైతే తిరుగుతుంది. ఆమె అరచేతిలో రాయిని రెండుసార్లు ఎగరేసి చూసి, ఇది ఈ కాయకు, అది ఆ కాయకు అని వేరు చేస్తోంది. నేను కట్టినవాటిలో రెండు తెగాయి, ఆమె కట్టినవి ఒక్కటీ తెగలేదు. ఇప్పుడు దారి మీద 19 కాయలు నిటారుగా వేలాడుతున్నాయి, కొనలకు తెల్ల రాళ్ళతో. ఎదురింటి అక్క చూసి, "పెళ్ళి పందిరికి తోరణాలు కట్టినట్టు ఉండాయి కదక్కా" అంది మా అత్తతో.

బీరకాయల్లో పండు ఈగ కనిపించింది. కాయ మీద చిన్న గాటు, దాని నుంచి జిగురు. ఈగను రప్పించి పట్టే క్యూలూర్ ఎర బుట్టలు రెండు కట్టాను, లేత పిందెలకు పేపరు సంచులు తొడిగాను. పుచ్చిన కాయలు ఎరువు గుంతలో వేయకుండా రెండడుగుల లోతున పూడుస్తున్నాం. గుంతలో వేస్తే పురుగు అక్కడే కోశస్థ దశకు పోయి మళ్ళీ ఈగగా లేస్తుంది.

అక్టోబరు 17

ఈ తెల్లవారుజామున వాయుగుండం చెన్నైకి ఉత్తరాన తీరం దాటింది. మూడు రోజులుగా వాన. దక్షిణం మూల రెండు మళ్ళు చెరువులయ్యాయి. మటిక్కాయ మడి మొత్తం మునిగి, వేళ్ళకు గాలి ఆడక మొక్కలు వాలిపోయాయి. మునగని మళ్ళకు ఏమీ కాలేదు. 8 అంగుళాల ఎత్తు వేసవికి చాలేమో గానీ ఈశాన్య రుతుపవనాలకు చాలదు. తిరుపతిలో పెద్ద వానలంటే అక్టోబరు నుంచి డిసెంబరే, అది తెలిసి కూడా ఎత్తు తక్కువ పెట్టాను.

వాన తెరిపిచ్చాక దక్షిణం గోడ వెంట అడుగున్నర లోతు కాలువ తీసి, మిగిలిన తెల్ల రాళ్ళన్నీ అందులో నింపాం. నీళ్ళు ఇప్పుడు దాని గుండా ఇంకుడు గుంతకు పోతున్నాయి. ఆ రెండు మళ్ళనూ అడుగు ఎత్తుకు లేపాను.

13వ తేదీన కాగితపు కప్పుల్లో పోసిన టమోటా విత్తనాలు వరండాలో ఉండబట్టి మిగిలాయి.

నవంబరు 3

వంకాయ మడి గురించి కాస్త వివరంగా రాయాలి, తోట పెట్టేవాళ్ళెవరైనా ఇది చదివితే పనికొస్తుంది.

నెల కిందట వంగ ఆకుల మీద గుండ్రటి, చుక్కలున్న పురుగులు కనిపించాయి. అక్షింతల పురుగులు! మొక్కల రసం పీల్చే పేనుబంకను తినే మిత్ర పురుగులని పిల్లలకు కూడా చెబుతాం. పక్కింటి పాప ఒకదాన్ని పట్టుకుంటే, వదిలెయ్ తల్లీ, అవి మన తోటకు కావలివాళ్ళు అన్నాను. పది రోజులకు ఆకులు జల్లెడలయ్యాయి. ఈనెలు, వాటి మధ్య పొరలాంటి చర్మం తప్ప పచ్చదనం మొత్తం గీరేశాయి.

భూతద్దం తెచ్చి చూస్తే తేడా తెలిసింది. మంచి అక్షింతల పురుగు వీపు అద్దంలా మెరుస్తుంది. వంగ మీద ఉన్నదాని వీపు మెరవదు, మురికి రాగి రంగు, దాని మీద దుమ్ములాంటి సన్నటి నూగు. చుక్కలు లెక్కపెట్టాను, 28. ఇది ఆకు తినే రకం. ఆకు తిరగేస్తే పసుపు గుడ్లు నిలువుగా గుంపుగా అతికించి ఉన్నాయి, పక్కనే పిల్ల పురుగులు, పసుపు రంగు, ఒళ్ళంతా కొమ్మలు చీలిన ముళ్ళు. మిత్ర పురుగు పిల్లయితే నల్లగా, సన్నగా, మొసలి ఆకారంలో ఉండి, ముట్టుకుంటే చకచకా పరిగెత్తుతుంది. ఇవి కదలవు, మేస్తూనే ఉంటాయి. ఇంకో గుర్తు కూడా ఉంది. మిత్ర పురుగు పేనుబంక ఉన్నచోటే తిరుగుతుంది. నా వంగ మీద అసలు పేనుబంకే లేదు. అప్పుడే అనుమానం రావాల్సింది నాకు.

నాలుగు రోజులు పొద్దున్నే సబ్బునీళ్ళ గిన్నె పట్టుకుని ఏరాను. గుడ్లున్న ఆకులు తుంచేశాను. ఆ తర్వాత వేపగింజల కషాయం. అర కిలో గింజల పొడి గుడ్డలో మూట కట్టి 10 లీటర్ల నీళ్ళలో రాత్రంతా నానబెట్టి, పిండి, వడకట్టి, కాస్త కుంకుడు రసం కలిపాను. సాయంత్రమే కొట్టాలి, ఎండకు దాని చేవ పోతుంది. వారానికొకసారి రెండుసార్లు. పైన కొత్త చిగురు శుభ్రంగా వస్తోంది. వాడిన కొమ్మ కొనలను రెండంగుళాలు కిందికి తుంచేస్తున్నాను, అది వేరే పురుగు, కొమ్మలో దూరి తర్వాత కాయలోకి పోతుంది.

పక్కింటి పాపను పిలిచి రెండు రకాలూ పక్కపక్కన చూపించాను. మునగ చెట్టు మీద నిజమైనవి దొరికాయి.

ఎర్ర బెండ అని ఇచ్చిన పొట్లం పచ్చ బెండే కాసింది. పోనీ, పువ్వు ఎట్లాగూ అందంగానే ఉంది, లేత పసుపులో నడిమిన ముదురు ఎరుపు.

నవంబరు 10

టమోటా నారు మళ్ళలోకి మారింది. అంచులకు బంతి. టమోటా 28 రోజులది, బంతి 40 రోజులది. ఈ తేడా కావాలనే పెట్టుకున్నాను. టమోటా పూసేటప్పటికి బంతి కూడా పూసి ఉంటే కాయతొలుచు పురుగు తల్లి గుడ్లు బంతి మీద పెడుతుంది. ఆ పూలను రెండు రోజులకొకసారి చూసి, పురుగున్నవి తీసేయాలి. చూడకుండా వదిలేస్తే బంతి ఎరగా కాకుండా పురుగుకు పుట్టిల్లవుతుంది.

డిసెంబరు 1

నిన్న రాత్రి ఫెంగల్ తుపాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది. ఇక్కడ వాన, గాలి. కాలువ పని చేసింది, ఏ మడిలోనూ నీళ్ళు నిలవలేదు. పందిరి నిలబడింది. కంది వరస గాలికి కాస్త వాలింది, తాళ్ళు కట్టాను. టమోటా కింది ఆకుల మీద మచ్చలు వస్తున్నాయి, మట్టి చింది తగలకుండా జానెడు ఎత్తు దాకా ఆకులు తీసేశాను.

డిసెంబరు 22

తోట బాగుందని ఇప్పుడు నలుగురూ అంటున్నారు. దేనివల్ల బాగుందో ఈ నెలంతా గమనిస్తూ వచ్చాను. రంగులు కారణమే. ఎర్ర తోటకూర పక్కన లేత పచ్చ ముల్లంగి ఆకు, ఊదా వంకాయల పక్కన బంతి. కానీ అంతకంటే పెద్ద కారణం ఖాళీ లేకపోవడం. ముల్లంగి పీకిన రోజే ఆ గుంటల్లో ఏదో ఒక నారు పడాలి. దానికోసం వరండాలో ఎప్పుడూ 40, 50 కప్పుల నారు సిద్ధంగా పెడుతున్నాను. ఆకుకూరలు మడి మొత్తం ఒకేసారి చల్లకుండా, పదిహేను రోజులకొక మూడడుగుల పట్టీ చల్లుతున్నాను. పంట తీసిన మడి వారం ఖాళీగా ఉంటే తోట మొత్తం పాడుబడ్డట్టు కనిపిస్తుంది. మట్టికి కూడా అదే హాని, ఎండ నేరుగా తగిలి పైపొర చచ్చిపోతుంది. మన రాష్ట్రంలో 2016 నుంచి రైతు సాధికార సంస్థ చేయిస్తున్న ప్రకృతి వ్యవసాయంలో 365 రోజులూ నేల మీద పచ్చదనం ఉండాలని చెబుతారు. ఆ మాట చదివినప్పుడు పొలాలకు అనుకున్నాను. ఆ మాటకు అర్థం 20 అంకణాల్లో, కంటి ముందర తెలిసింది.

పొట్టు కిందికి చెయ్యి పెడితే మట్టి నల్లగా, తడిగా, వానపాములతో ఉంది. జూన్‌లో ఇదే చోట గడ్డపార దిగలేదు.

జనవరి 12, 2025

రేపు భోగి. ప్రహరీ మొత్తం అనప తీగ. నవంబరు చివర్లో ఊదా, తెలుపు పూల గెలలు నిటారుగా లేచాయి, ఇప్పుడు గుత్తులు గుత్తులుగా కాయ. చలి మంచులో తడిసిన కాయను ముట్టుకుంటే వేళ్ళకు జిడ్డులాంటి వాసన అంటుకుంటుంది, చెయ్యి కడిగినా మధ్యాహ్నం దాకా పోదు. చిత్తూరు వైపు పుట్టినవాళ్ళకు ఆ వాసన వస్తే సంక్రాంతి వచ్చినట్టే.

పొద్దున ఒక గంపెడు కోశాం. అత్త, నేను, ఎదురింటి అక్క, పక్కింటి పాప, అందరం వరండాలో కూర్చుని ఒలిచాం. గింజలు రాత్రంతా నానబెట్టి, రేపు పితకాలి. బొటనవేలు, చూపుడు వేలు మధ్య గింజ పెట్టి నొక్కితే తోలు వేళ్ళలో మిగిలి, పప్పు టక్కున గిన్నెలో పడుతుంది. పాప ఇప్పుడే రెండు గింజలతో ప్రయత్నించి చూసింది, పప్పు గోడకు తగిలింది. అత్త దాని వేళ్ళు తన చేతిలోకి తీసుకుని, "గింజ మొన కిందికి పెట్టల్ల బంగారూ, అప్పుడు గిన్నెలోకే పోతాది" అని చూపించింది. రేపు పితికిపప్పు, రాగిసంగటి. వంకాయ, టమోటా, పచ్చిమిరపకాయ, కొత్తిమీర మనవే. ఎర్రగడ్డ, తెల్లగడ్డ మాత్రం అంగట్లోవి.

ఫిబ్రవరి 16

ఎండ ముదురుతోంది. బీర, కాకర అయిపోయాయి, పందిరి దించలేదు, ఎర్ర బచ్చలి ఎక్కించాను. కంది కోసుకున్నాం, ఐదు కిలోల లోపు వచ్చింది. దాని చోట వేసవి నీడ కోసం అవిసె చెట్టు పెడతాను, త్వరగా ఎదుగుతుంది, ఆకు కూరకూ పనికొస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో రెండు మళ్ళకు మాత్రమే నీళ్ళు పెట్టి, మిగతా నాలుగింట్లో నవధాన్యాలు చల్లి మందంగా పొట్టు కప్పాలని అనుకుంటున్నాను. బోరు నీళ్ళు పొదుపు చేయాలి.

విత్తనానికి రెండు పొట్లకాయలు కోయకుండా వదిలాం. చారలు పోయి నారింజ ఎరుపుకు తిరిగాయి. ఈరోజు ఒకటి చీలిస్తే లోపల ఎర్రటి గుజ్జులో గింజలు. కడిగి, బూడిద పూసి, చాటలో నీడకు ఆరబెట్టాం. 46 గింజలు. క్రోటన్లు పెట్టమన్న ఎదురింటి అక్క పది అడిగింది, వాళ్ళ మిద్దె మీద తొట్టెల్లో పెడుతుందట. పాప రెండు అడిగింది. అత్త ఇద్దరికీ కాగితంలో చుట్టి ఇచ్చి, తోరణాలకు కావాలి కదా అని, ఆఖరి కాయల నుంచి విప్పిన తెల్ల రాళ్ళు కూడా తలా నాలుగు చేతిలో పెట్టింది.

రాత్రికి అవిసె గింజలు నానబెట్టాలి.